కొమ్ముల బొమ్మ

పర్లాకిమిడి కోర్టు ఎదర
అర్జీలు టైపు కొట్టే కొట్టు నాది.
లాప్‌టాప్ మూత మీద ఎర్రటి పిల్లదయ్యం,
కాళ్ళకి బూట్లు, చేతిలో శూలం,
నెత్తిన రెండు కొమ్ములు.
పక్కకొట్టు బైరాగి మహారణా
గేదెకొమ్ములో కొంగని చెక్కుతూ చెక్కుతూ
దాన్ని చూసి ఓరోజు అన్నాడు:
"ఆ కొమ్ములు ఎవడు తీర్చేడమ్మా?
ఆకురాయి పట్టడం రాదు వాడికి."

దీని పేరు ఫ్రీబీఎస్డీ అంటే
ఎవరికీ నోరు తిరగదు.
మా ఆయన ఫోన్ చేసి
"నీ దయ్యం లేచిందా?" అంటాడు.
స్పీకర్లో విన్న పార్టీలు
దస్తావేజు సర్దుకుని కాస్త ఎడంగా కూర్చుంటారు.

పొద్దున్న షట్టరెత్తి బటన్ నొక్కితే
నల్లతెర మీద తెల్లటి వరసలు,
డిస్కు దొరికింది, కీబోర్డు దొరికింది,
సంతనుంచొచ్చి కొంగుముడి విప్పి
పైసతో సహా లెక్క అప్పజెప్పే మా పెద్దమ్మలాగ.
వైఫై మాత్రం దొరకలేదంటుంది.
నాలుగేళ్ళుగా అదే మాట.
ఫోన్‌ని వైరుతో కట్టి నెట్ తెచ్చుకుంటాను.
మూత వేస్తే నిద్రపోతుంది గాని
లేపితే లేవదు.
అందుకే మధ్యాన్నం భోజనానికెళ్తూ
మూత వెయ్యను, తువ్వాలు కప్పుతాను.

"ఎందుకొచ్చిన తంటా ఇది?" అంటాడు
మూల మీది నెట్‌సెంటర్ నూకరాజు.
పెద్ద కారణమేం లేదు.
ఓసారి కొత్తదేదో ఎక్కించబోయి అంతా పాడుచేసుకుంటే
ఒక్క ఆజ్ఞతో నిన్నటికి తిప్పుకున్నాను.
ఆ వేళ పద్నాలుగు దస్తావేజులున్నాయి చేతిలో.
నిన్నటికి తిరగడం
నా బతుకులో ఇంకెక్కడా కుదరలేదు మరి.

మాఘమాసంలో
కొండదిగి వచ్చింది సుబాసి గమాంగ్,
తమ్ముడి పెళ్ళిపత్రిక పట్టుకుని.
సవర మాట, సవర అక్షరాల్లోనే ఉండాలి.
ఒడియాలో వెయ్యమన్నారట ఒకచోట,
తెలుగులో వేస్తామన్నారట ఇంకోచోట,
నూకరాజు "ఇది మా దాంట్లో లేదు" అన్నాడట.
నా దాంట్లోనూ లేదు.
అతికిస్తే వరసగా ఖాళీ డబ్బాలు,
పెళ్ళికొడుకు పేరు నాలుగు డబ్బాలు, పెళ్ళికూతురిది మూడు.

ఫాంటు వెతికి దించడానికి ఒక రాత్రి.
కీబోర్డుకి ఇంకో రెండు.
ఇందులో కీబోర్డు కూడా వట్టి కాయితమే,
తెరిచి చదవొచ్చు, కొట్టెయ్యొచ్చు, రాయొచ్చు.
సుబాసి పక్కన స్టూలు మీద కూర్చుని
ఒక్కో అక్షరం పలికింది:
స, త, బ, చ, ద, గ.
మనలాగ అ ఆలతో మొదలవదు వాళ్ళకి.
నేను ఒక్కోదాన్ని ఒక్కో మీట కింద పెట్టుకుంటూ పోయాను.
ఒకచోట సెమికోలన్ మర్చిపోతే
కీబోర్డంతా మూగబోయింది.
"అలిగిందా?" అంది సుబాసి.
టీ తాగొచ్చి దిద్దాను.
డబ్బాలు పోయి
సున్నాలూ కొక్కేలూ చుట్టలూ
తెరమీద నిలబడ్డాయి.
తమ్ముడి పేరు తనే కొట్టింది, ఒక్క వేలితో,
చెరిపి, మళ్ళీ కొట్టింది.

నా ప్రింటరుకీ దీనికీ మాటల్లేవు.
పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే
నూకరాజు తెరమీద మళ్ళీ డబ్బాలే.
వెనక్కొచ్చి పీడీఎఫ్ చేసి తీసుకెళ్ళాను.
అరవై కార్డులు పడ్డాయి, పసుపు అంచుతో.
నూకరాజు మొదటిదాన్ని వెలుతురుకి ఎత్తి
తలకిందులుగా పట్టుకుని మెచ్చుకున్నాడు.

అప్పుడు చూసింది సుబాసి
తేదీలో అయిదుకి బదులు ఆరు.
వాళ్ళ అంకెలు నాకేం తెలుసు,
రెండు మీటలు తారుమారు చేశాను.
బైరాగి కూడా వచ్చి కూర్చున్నాడు.
చీకటిపడేదాకా ముగ్గురం
బాల్‌పెన్నుతో అరవై ఆరుల్ని అయిదులు చేశాం.
బైరాగివి అందరికన్నా నున్నగా వచ్చాయి.

డబ్బులు సగమే తీసుకున్నాను.
కొండచీపురొకటి ఇచ్చి వెళ్ళింది.

మర్నాడు షట్టరెత్తాను.
డిస్కు దొరికింది, కీబోర్డు దొరికింది.
వైఫై దొరకలేదంది.
సరేలే అని తువ్వాలు మడతపెట్టాను.