ఓటు వెయ్యని మధ్యాహ్నం

బిస్మార్క్‌లో మెడికల్ బోర్డు.
బల్ల చుట్టూ అందరూ డాక్టర్లే.
ప్రజల తరఫున ఒక కుర్చీ ఉంటుంది, అది నాది;
నేను షుగర్ బీట్ పండించేదాన్ని.

నాలుగో ఫైలు మీద పేరు: ఆర్విడ్ త్వైట్.
ఆస్పత్రి బీరువాలో లెక్క తేలని మార్ఫిన్.
"ఈయన నాకు తెలుసు" అని లేచాను.
తెలిసినవాళ్ళు తీర్పులో కూర్చోకూడదు.

తెలుసంటే,
మంచు తుపానులో ట్రాక్టరెక్కి వచ్చి
అడ్డం తిరిగిన నా సోల్వైని
తలకిందులుగా లోకంలోకి తెచ్చినవాడు.

వరండాలో కాఫీ మిషను పక్కన నలభై నిమిషాలు.
మాటలు వినబడవు,
కుర్చీల కిర్రు తప్ప.

బయటికొచ్చాడు, చేతిలో కాగితం.
ఏడాదిపాటు లైసెన్సు నిలుపుదల,
ఫార్గోలో చికిత్స,
వారానికి రెండుసార్లు సీసాలో మూత్రం,
అడుగున
అర్ధరాత్రయినా ఎత్తే ఫోన్ నంబరొకటి.

నన్ను చూసి ఆగాడు.
ఆ రోజు వణకని చేతులు ఇవాళ వణికాయి.
"పాపెలా ఉంది?"
"పాపేంటి డాక్టర్, పశువుల డాక్టరు చదువుతోంది."

కాగితం ఉండచుట్టి పారేస్తాడనుకున్నా.
నంబరు పైకి కనబడేలా మడిచి
చొక్కా జేబులో,
ఖాళీగా ఉన్న పెన్ను చోట
పెట్టుకున్నాడు.

ఐదో ఫైలుకి పిలిచారు.
కాఫీ అలాగే వదిలేసి
లోపలికెళ్ళాను.