కుర్చీ అద్దె

మా కొట్లో మేం కూర్చోకూడదు.
కూర్చునేది కొనేవాళ్ళు,
తెల్లటి పరుపుల మీద, ఫ్యాన్ల కింద.
మేం చీర విప్పుతాం, మడతేస్తాం, మళ్ళీ విప్పుతాం.
పొద్దున్న పదింటికి మొదలెడితే
రాత్రి ఎనిమిదికి మోకాళ్ళు మావి కావు.

ఆషాఢం సేలంటే ఇక చెప్పక్కర్లేదు.
చించినాడ వంతెన దాటి, లంకల్లోంచి
జనం పాలకొల్లొచ్చి పడతారు,
చీర ఒక్కటి, ఎంచేవాళ్ళు ఆరుగురు.

అన్నానికి అరగంట ఇస్తారు.

కుడికి తిరిగితే కాలవ గట్టున దావీదు బండి.
ఎగ్ ఫ్రైడ్ రైసు అరవై.
మంట మనిషెత్తు లేస్తుంది, మూకుడు గాల్లో తిరుగుతుంది,
నాలుగు నిమిషాల్లో కాగితం ప్లేటు చేతిలో ఉంటుంది.
చంకలో గొడుగు, మెడకీ భుజానికీ మధ్య ఫోను,
తింటున్నది నోరో, కంగారో తెలీదు.
సాసు మండుతుంది కాబట్టి
ఏదో తిన్నానని మూడింటిదాకా గుర్తుంటుంది.

ఎడమకి తిరిగి మేడెక్కితే భోజనం హోటలు.
నూట ముప్పై.
అరిటాకు, ముద్దపప్పు, కంద బచ్చలి,
ఊట తేలిన ఆవకాయ, గడ్డపెరుగు.

"కడుపుకి రేటు తెలుస్తుందేంటే?" అంటుంది దీనమణి.
"అరవైకీ నిండుద్ది, నూట ముప్పైకీ నిండుద్ది.
ఆ డెబ్బై ఉంచితే పిల్ల ఆటోకి పనికొస్తాయి."
దీనమణి లెక్క తప్పదు.
కొట్లో మా అందరి చీటీల పుస్తకం దానిదగ్గరే.

నా లెక్క వేరు.
రోజుకి నాకు మూడొందల అరవై,
గంటకి ముప్పై ఆరు.
డెబ్బై అంటే రెండు గంటలు నించున్న డబ్బు.
రెండు గంటలు నించుని
ఇరవై నిమిషాలు కూర్చోడం కొనుక్కుంటాను,
నెలకోసారి, జీతం పడ్డ రోజున.

మొన్న అలాగే వెళ్ళాను.
కుర్చీ లాక్కోగానే
పాదాలు చెప్పుల్లోంచి వాటంతటవే బయటికొచ్చాయి.
చల్లటి గచ్చు.
ఆకు మీద ఇంకా నీళ్ళే చల్లలేదు,
సగం కడుపు నిండిపోయింది.

"పప్పెయ్యమంటారాండి?"
అన్నాడు తాతబ్బాయి, అక్కడ వడ్డించే ఆయన.
పొద్దుట్నించీ "ఏమ్మా, అది కాదు, దాని పైది" అనేవాళ్ళే గానీ
నన్ను 'అండి' అన్న మనిషి ఆ రోజుకి ఆయనొక్కడే.
అడక్కుండానే రెండోసారి నెయ్యి.
చెయ్యడ్డం పెడితే,
"ఆయ్, తినండమ్మా, రోజల్లా నించునే ఒళ్ళు."
నేను నించుంటానని ఆయనకెలా తెలుసు?

పెరుగు వెయ్యడానికి వంగినప్పుడు చూశాను.
పైకి కట్టిన పంచె కింద, పిక్కల మీద
నీలంగా ముడులు పడ్డ నరాలు.
నావి కూడా అవే,
కాకపోతే ఆయనవి ఇరవై ఏళ్ళు ముందున్నాయి.

"మీరెప్పుడు తింటారండీ?"
"మూడున్నరకండి, వంటింట్లో, నించునే.
కూకుంటే మళ్ళీ లేవబుద్ధి కాదు కదండీ."

ఇరవై నిమిషాలు కొన్నదాన్ని
పదకొండో నిమిషంలో లేచిపోయాను.
ఇరవై రూపాయలు బల్ల మీద ఉంచాను.
దీనమణికి చెప్పలేదు.

ఆ రాత్రి వాన.
బస్టాండుకి వెళ్ళేదాన్ని
దావీదు బండి టార్పాలిన్ కింద ఆగాను, తినడానికి కాదు.
వాడు అటూ ఇటూ చూసి
ఓ ఖాళీ బకెట్ బోర్లించి, భుజం మీది గుడ్డతో తుడిచి,
"కూకోక్కా, నరసాపురం బస్సు ఇంకా రాలేదు" అన్నాడు.
కూర్చున్నాను.
వేరెవరి నూడిల్స్ కోసమో లేచిన మంట
నా మోకాళ్ళకి వెచ్చగా తగిలింది.

ఇంటికెళ్ళి పద్దు రాశాను.
భోజనం అరవై.
కుర్చీ అద్దె డెబ్బై.
తాతబ్బాయి ఇరవై.
బకెట్ అని రాసి, ఎంతెయ్యాలో తెలీక
కొట్టేశాను.

మర్నాడు కుడికే తిరిగాను.
బకెట్ నిండా తరిగిన క్యాబేజీ ఉంది.
నించునే తిన్నాను.