నడిమి బొమ్మలు

మా ఊరి పేరుకి అర్థం పడవ.
నవ్వకండి, ఊళ్లో ఒక్క నదీ కంటికి కనబడదు.
ఉన్న ఏళ్లన్నిటినీ మిల్లులవాళ్లు
ఎప్పుడో నేల కిందికి తోసేశారు.
పైన ట్రాములు తిరుగుతాయి.
వూచ్ ఎక్కడుందని అడిగినవాళ్లకి
ఇంతకన్నా చెప్పడం నాకు చేతకాదు.

అరవై నాలుగు చలికాలం.
మూతపడ్డ నేతమిల్లు మూడో అంతస్తులో
నాకొక గాజుబల్ల ఇచ్చారు.
కింద బల్బు, పైన కాగితం, పక్కన చల్లారిపోయిన టీ.
విటోల్డ్ గారు రెండే రెండు బొమ్మలు గీసేవారు:
పిల్లి కాలెత్తింది.
పిల్లి కాలు దించింది.
వెళ్లి సిగరెట్ ముట్టించుకునేవారు.
ఎత్తడానికీ దించడానికీ మధ్య ఉన్నదంతా
నా జీతం.

ఐదు కాగితాలు. ఐదు అరకొర అడుగులు.
ఒక్కొక్కటీ విడిగా చూస్తే
ఎవరో పిలిస్తే ఆగిపోయినట్టుంటుంది పిల్లి.
దొంతరగా పట్టుకుని బొటనవేలితో జారవిడిస్తే
లేచి నడిచిపోతుంది.
అది నడిచిన ప్రతిసారీ
నేను చుట్టూ చూసేదాన్ని, ఎవరైనా చూశారా అని.

సెకనుకి పన్నెండు.
రెప్ప వాల్చి ఎత్తేలోగా
నా రోజంతా తెరమీంచి వెళ్లిపోయేది.

నేలమాళిగలో గెనొవేఫా ఉండేది.
సెల్యులాయిడ్ షీట్లు పరదేశం నుంచి రావాలి,
ప్రాణం కన్నా ప్రియం.
అందుకని కెమెరా పని కాగానే
పిల్లినీ, పిల్లి ఎక్కిన పెంకుటిల్లునీ, చంద్రుణ్ణీ
గోరువెచ్చని సోడానీళ్లలో ముంచి కడిగేసేది.
మోచేతుల దాకా రంగులు.
ఏడ్చే రాజకుమారిని కడిగితే నీలం,
పిల్లిని కడిగితే నారింజ.
ఆ నీళ్లన్నీ తూములోంచి జారి
నేల కింది ఏట్లో కలుస్తాయనేది.
"మన ఊరికి నది లేదన్నదెవరు?
ఇవాళ అది నారింజగా పారుతోంది, పో."

చిత్రం విడుదలైన రోజు
ఆఖరి వరసలో ఇద్దరమూ కూచున్నాం,
కోట్లు తీయకుండా, హాలంత చలి.
అది పిల్లి కథ కాదు, ఆ తరవాతిది, కొంగల కథ.
మంచు ఆకాశంలో కొంగ ఒకటి
రెక్క కదపకుండా నాలుగు సెకన్లు నిలిచిపోతుంది.
గెనొవేఫా నా పక్కటెముకల్లో మోచేత్తో పొడిచింది.
"పైన, ఎడమవైపు."
వెంట్రుక మందాన ఒక వంపు.
ఎంత తోమినా వదలని సిరాగాటు.
పిల్లి తోక.

హాల్లో మూడొందల మంది కొంగని చూశారు.
మేమిద్దరం మాత్రం
కొంగ మీదుగా నడుస్తున్న పిల్లిని చూశాం.
తలరాత చెరగదంటారు గానీ
నేను చూసింది గీత, రాత కాదు.

గెనొవేఫా పోయి ఇరవై ఏళ్లు దాటింది.
చివరి దాకా గోళ్ల అంచున
ఏదో ఒక ఆకుపచ్చ మిగిలే ఉండేది.

మొన్న ఇగ్నాత్సీ అని ఒక కుర్రాడు వచ్చాడు,
కంప్యూటరు చంకన పెట్టుకుని.
ఇప్పుడు నడిమివన్నీ మిషనే వేసుకుంటుందట.
మంచిదే, నా మెడనొప్పి దానికి రాదు అన్నాను.
పాత పిల్లిని తెరమీద పెట్టి
ఒక్కో బొమ్మే జరుపుతూ, నాలుగో దాని దగ్గర ఆపేశాడు.
"ఇక్కడ కాలు కొలతకి అందట్లేదు.
కిందికి జారింది. ఎందుకు?"

ఎందుకా?
ఆ పొద్దున పియోత్రకోవ్‌స్కా వీధిలో
గడ్డకట్టిన మంచు మీద జారిపడ్డాను నాయనా,
బ్రెడ్డు ఒకవైపు, నేనొకవైపు.
నడుం పట్టుకునే బల్ల దగ్గర కూచున్నాను.

వాడు నవ్వలేదు.
తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.
సెకనులో పన్నెండో వంతు బతకడానికి పుట్టిన బొమ్మ
గది చీకటిపడేదాకా
కాలు గాల్లో పెట్టుకుని నిలబడింది.