ఆరో బోరు

దూది చుట్టిన పుల్ల ఒకటి
గాజు గొట్టంలో మూత బిగించుకుని
రాత్రి తొమ్మిదింటికి నా బల్ల మీదికొచ్చింది.
చీటీ మీద: కొర్ర లాల్‌సింగ్, నలభై రెండు,
మగవాళ్ల సర్జికల్ వార్డు, మంచం నెంబరు పదిహేడు, ఎడమ కాలు.
మనిషిని నేను చూడలేదు.
నేను మనుషుల్ని చూడను. వాళ్ల పుండ్లు
పుల్లల మీదెక్కి నా దగ్గరికొస్తాయి.

నల్లగొండ పెద్దాసుపత్రి, వరండా చివరి గది.
బయట మార్గశిరం, లతీఫ్ సాబ్ గుట్ట మీద మంచు.
లోపల ఒక పెట్టెలో
ముప్పై ఏడు డిగ్రీల ఎండాకాలాన్ని తాళం వేసి ఉంచుతాం.
పురుగుకి మన ఒంటి వేడే పుట్టిల్లు.

తెల్లారి పళ్లెం మూత తీస్తే
మాగిన ద్రాక్షపండ్ల వాసన.
పెసరచేను రంగులో అంచుదాకా పాకిన పచ్చదనం.
ఎంత బాగుందో అనుకుని
నాలుక కరుచుకున్నాను.

ఇంకో పళ్లెం నిండా దాన్నే అలికి
శనగబద్దంత కాగితం బిళ్లలు ఆరు
దూరం దూరంగా నాటాను. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు.
ఇక రేపటిదాకా
ఎవరూ తొందరపెట్టలేని పని.

ఎవరూ అంటే, ద్వాళి తప్ప.
కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.
"ఏమొచ్చింది బిడ్డా?"
"రేపు."
"రేపంటే కాలు ఆగదు గదమ్మా."
పెనిమిటి బోరుబండి మీద పైపులెత్తేటోడట.
డిండి కాడ పైపు జారి కాలి మీద పడ్డదట.
తండాల సూదేసే సారు
రెండు సూదులు, మూడు రంగుల గోలీలు ఇచ్చిండట.
"చీము తగ్గింది, బందు వెట్టినం.
మిగిలినయి పారేస్తమా, కోడలికి దగ్గొస్తె ఏసిన."

అరవబోయాను.
మా ఫ్రిజ్ తలుపులో
చిన్నోడి సగం సీసా గుర్తొచ్చింది.
రెండో రోజే జ్వరం దిగిందని మూత పెట్టిన సీసా.
కొలతలు తెలిసిన చేతులే పెట్టాయి.
నోరు మూసుకుని
ఆమెకు బెంచీ చూపించాను.

మూడో పొద్దు. పళ్లెం కింద నల్లగుడ్డ, చేతిలో స్కేలు.
మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ
గుండ్రంగా ఖాళీ మిగలాలి.
మొదటి బిళ్లను ఆనుకునే మొలిచింది పచ్చిక.
రెండోది, అంతే.
మర్రిగూడ చెల్కలో మా నాయిన వేయించిన బోర్లు
ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి:
మూడు వందల ఫీట్లు, దుమ్ము. నాలుగు వందలు, దుమ్ము.
నాలుగోది, ఐదోది.
ఐదో బిళ్ల మెరోపెనెం. పైన వార్డులో అతని నరంలోకి
నాలుగు రోజులుగా ఎక్కుతున్నది అదే.
ఖరీదైన దుమ్ము.

ఆరోది పాతకాలపు అమికాసిన్.
చుట్టూ చిన్న ఖాళీ.
పద్దెనిమిది మిల్లీమీటర్లు.
మళ్లీ కొలిచాను. పద్దెనిమిదే.
పదిహేడు మా గీటు. ఒక్క గింజంత పైన బతుకు.

ఫోన్లో షాహీన్ మేడం కాసేపు పలకలేదు.
"కిడ్నీలు తట్టుకుంటాయా చూడాలి. రక్తం పంపిస్తున్నా.
ఆ పెద్ద మందు ఇప్పుడే ఆపేస్తా."

ద్వాళికి చదువు రాదు. రిపోర్టు మీద వేలు జరిపింది.
"ఈ అయిదు ఒక్కతీరున్నయి.
ఇదొక్కటి పాములెక్క వంకర తిరిగింది. మంచిదేనా?"
"మంచిదే. నీళ్లు పడ్డయి."
ఎందుకన్నానో తెలీదు, నోటికొచ్చింది.
బోరుబండి ఇల్లాలు కదా, వెంటనే అడిగింది:
"ఎన్నించులు?"
"ముప్పావించు గూడ లేదమ్మా."
ఆమె కాగితం మడిచి కొంగున కట్టుకుంది.
"సాలు. ఒక మడి తడుస్తది."

మధ్యాహ్నం ఇంకో పుల్ల వచ్చింది.
అదే వార్డు. చేతులు కడిగే నల్లా
పోయిన వారం నుంచి రాని వార్డు.
మంచం నెంబరు పద్దెనిమిది.
చీటీ చదవకముందే
నా ముక్కు
ద్రాక్షపండ్లను వెతుక్కుంది.