గోరుచూపు

ఎండకు మెత్తబడ్డ కేబులు మీద
కత్తి పెట్టొద్దన్నాడు లింబాద్రన్న.
సోహార్‌లో జూలై. జంక్షన్ బాక్సు మూత
పొయ్యి మీంచి దించిన మూకుడు.
ఈ వేడికి పైతొడుగు జున్నులెక్క ఉంటది,
నువ్వు ఆగమన్న కాడ కత్తి ఆగదు.

అందుకని మధ్యాహ్నం బందు ముగిశాక
ఐసుగడ్డల సంచీ కట్టేవాళ్లం కేబులుకి,
జ్వరమొచ్చిన పిల్లవాడి నుదుటికి కట్టినట్టు.
కొస మాత్రం తడవొద్దు.
తడిస్తే నీళ్లు లోపలికి పాకుతూ పోతాయి,
ఎక్కడ తేలతాయో ఎవడికీ తెలీదు.

"జాకెట్టు తియ్యాలె" అంటే
మొదటిరోజు నేను నవ్వాను.
క్యాంపులో అందరూ నవ్వే మాటే అది.
ఆయన నవ్వలేదు.
కత్తి ఆనించి చుట్టూ ఒక్క తిప్పు.
కొయ్యలేదు, గీశాడంతే.
మందంలో ముప్పావు కత్తి పని,
మిగిలిన పావు దానంతటదే విడవాలె.
బొటనవేలి మీద అటు వంచి, ఇటు వంచి
ఇక చాలన్నట్టు చూశాడు.
చప్పుడు లేకుండా విచ్చుకుంది నల్లటి తొడుగు.
"పొట్టు పోవాలె, పప్పు పలగొద్దు. గంతే."

లోపల
రాగి నేత.
కట్టకట్టలుగా పోగులు, ఒకటి మీదికి, ఒకటి కిందికి.
సిరిసిల్లలో మా నాయిన నడిపిన సాంచల మీద
ఇంత సన్నం నేను చూడలేదు.
పోగు తెగితే సాంచ ఆపి ముడేసేవాడు నాయిన,
బీడీ కూడా తీయకుండా.
దీనికి ముడి లేదు.
తెగిన రాగి వెంట్రుక ఒక్కటి
టెర్మినల్ దగ్గర వట్టితీగను తాకిందా,
కంట్రోల్ రూములో నూనెమట్టం
దయ్యం పట్టినట్టు ఊగుతుంది.

ఆ రోజు ఇరవైమూడో కేబులు.
పొడుగు చూసుకోలేదు, మిగిలింది మూడంగుళాలే.
టీ వ్యాను హారను వినపడింది. కత్తి నొక్కాను.
కంటికి బాగానే ఉంది.
ఆయన వచ్చి, ఎటో చూస్తూ,
గీత వెంట బొటనవేలి గోరు తిప్పాడు.
ఒకచోట ఆగింది గోరు.
"మూడు పోగులు."
టార్చి వేసి లెక్కపెట్టాను.
మూడే.

తిట్టలేదు. ట్రే మలుపులో
ఎప్పుడు దాచాడో, జానెడు కేబులు
అక్కణ్ణుంచి మెల్లగా గుంజి ఇచ్చాడు.
"నీ అసొంటోడు ఒకడు వస్తడని తెల్వదా నాకు."

ట్యాగు నంబర్లు ఎప్పుడూ నాతోనే చదివించేవాడు.
నేర్పిస్తున్నాడనుకున్నాను.
ఒక సాయంత్రం ఆరును తొమ్మిదన్నాను, పొరపాటున.
ఆయన తొమ్మిదో దాంట్లోనే బిగించబోయాడు.
అప్పుడు చూశాను ఆయన కళ్లు.
షుగరు కంట్లోకి దిగి రెండేళ్లట.
మెడికల్‌లో అక్షరాల బోర్డు
కింది వరుస దాకా కంఠస్తం.
గుల్ జమాన్‌కి తెలుసు. బిజూ సారుకీ తెలుసేమో.
నేనూ ఏమీ అనలేదు.
"ఆరు" అని మాత్రం దిద్దుకున్నాను.

షట్‌డౌన్ ఆఖరి రాత్రి చెప్పాడు,
షీల్డును ఒక్క కొసనే ఎర్తుకు కట్టాలని.
రెండో కొస కత్తిరించి, టేపు చుట్టి,
ఊరికే వదిలెయ్యాలని.
"రెండు దిక్కులా కడితేనో?"
"నడుమ కరెంటు తిరుగుతది బిడ్డా.
గుయ్యిమంటది. ఇటు పనిచెయ్యదు, అటు చెయ్యదు."
టేపును పళ్లతో తెంపి
తడుముకుంటూ చుట్టాడు, మడత పడకుండా.

ఆయన ఎగ్జిట్ మీద పోయి రెండు వేసవులు.
ఇప్పుడు నా కింద ఇద్దరు కుర్రాళ్లు,
జాకెట్టు అంటే నవ్వుతారు.
శుక్రవారం గది ముందు కూర్చుని
గోళ్లన్నీ తీసుకుంటాను.
కుడి బొటనవేలిది ఉంచుతాను.