లాభం, రెండు

అమలాపురం ఆసుపత్రిలో మేడమీద మూడో గది నాది.
కిటికీ రెక్క ఒకటి పడదు.
వాన జల్లుకి బొమ్మల కార్డులు తడుస్తాయి.
మాట పడిపోయినవాళ్ళు ఇక్కడికొస్తారు.
పడిపోయింది అంటాం గానీ
ఎక్కడ పడిందని అడిగితే
పుస్తకం ఎడమ కణత లోపలికి వేలు చూపిస్తుంది.
వేలు మోపినంత చోటు.

కట్టా ఏసుపాదం, యాభై ఎనిమిది.
అంబాజీపేట కొబ్బరి కొట్లో లెక్కగాడు.
రాశిలోంచి చేతికి రెండేసి కాయలు విసురుతూ
రోజుకి ఎన్ని వేలు లెక్కపెట్టాడో లెక్కలేదు.
భాద్రపదంలో ఒక పొద్దున
కాయ చేతిలోనే ఉంది,
దాని పేరు జారిపోయింది.

బొమ్మ చూపించాను.
చూశాడు. తలూపాడు. పెదవులు కూడగట్టుకున్నాడు.
"అదీ... అదే... దాన్ని..."
కుడిచెయ్యి లేవలేదు.
ఎడమచేత్తోనే, లేని గునపం మీద లేని కాయని
మూడు పోట్లలో ఒలిచి నాకిచ్చాడు.
ఒళ్ళో పడ్డ పీచు కూడా దులుపుకున్నాడు.

మర్నాడు బజారునుంచి పన్నెండు కాయలు మోయించి
గచ్చుమీద పోయించాను.
ఏమీ అడగలేదు.
వంగి, ఒకదాన్ని పక్కకి దొర్లించాడు.
"లాభం."
నా పెన్ను ఆగిపోయింది.
"రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు.
ఆరున్నొకటి."
ఏడు అనడు. ఏడు అంటే ఏడుపు,
రాశిముందు అనకూడదు.
నెత్తురందక ఎండిన మెదడు
కొబ్బరికాయ పేరు పోగొట్టుకుంది గానీ
ఆ శకునాన్ని వదల్లేదు.

ఆదివారం చర్చిలో ప్రార్థన మొత్తం
పొల్లుపోకుండా చెప్పాడట, సువార్తమ్మ సంబరం.
ఆటోవాడు కాలు తొక్కితే తిట్టాడట కూడా,
కర్తా కర్మా క్రియా అన్నీ ఉన్న తిట్టు.
ఆ తర్వాత టీ కావాలనడానికి
పావుగంట పట్టిందట.

రాత్రి రిపోర్టు రాయాలి:
వరసగా వచ్చే మాట ఉంది,
వెతికి తెచ్చుకునే మాట లేదు.
మాది సముద్రం దగ్గరి ఊరు, శివారు ఆయకట్టు.
కాలవకి గండిపడ్డ సంవత్సరం మా నాన్న
మురుగుకోడు నీళ్ళు తోడి నారు నిలబెట్టాడు.
ఉప్పు తగిలే నీళ్ళు. అయినా బతికింది.
మెదడూ అలాంటిదేనని
కాలేజీ పిల్లలకి చెప్పాలనిపిస్తుంది. చెప్పను.
కాలవకి లాకు ఉంది,
లాకుకి తాళం ఉంది, తాళం ఒకడి మొలలో ఉంది.
ఇక్కడ ఎంత వెతికినా
ఆ ఒక్కడు దొరకడు.
నీళ్ళే గట్టు. నీళ్ళే లస్కరు.

మూడో వారం అడిగాను, "పిల్లలెంతమంది?"
"లాభం, రెండు, మూడు, నాలు..."
ఛ అన్నట్టు తొడమీద కొట్టుకున్నాడు. ముగ్గురే.
మాట రావడం తేలికైపోయింది,
ఆగడమే కష్టం.
పరిగెత్తే వరస పీక పట్టుకుని
కావలసిన చోట నిలబెట్టాలి.
ఆ పూటంతా ఆగడం నేర్చుకున్నాం.
"లాభం, రెండు, మూడు."
గబుక్కున నోటికి చెయ్యడ్డం.
నాలుగు వేళ్ళ వెనక గుటక పడింది.
మూడు అనే మాట
ముందూ వెనకా ఎవరూ లేకుండా
మా ఇద్దరి మధ్య బల్లమీద నిలబడింది.

కాగితంలో చివరి ప్రశ్న: భార్య పేరు.
నోరు తెరిచాడు. మూశాడు.
నిమిషం. రెండు నిమిషాలు.
సున్నా వేశాను.

గుమ్మం దగ్గర, బజ్జీల పొట్లం కాగితం మడుస్తూ
సువార్తమ్మ నవ్వింది.
"ముప్పయ్యేళ్ళలో ఎప్పుడు పిలిచాడమ్మా పేరెట్టి?
ఒసే అంటాడు. లేదంటే దగ్గుతాడు."

ఏసుపాదం దగ్గాడు.

ఆవిడ లేచి వచ్చి
మంచినీళ్ళ గ్లాసు ఎడమచేతికి అందించింది.

సున్నా కొట్టేశాను.
ఆ గడిలో ఏం రాయాలో
ఇంకా తేలలేదు.