బండి కింద నీడ

ఇక్కడివాళ్ళు కత్తిరి ఎండలంటారు.
మా అమ్మైతే, రోహిణికి రోళ్ళు పగుల్తాయిరా అనేది.
పెరంబూరులో రోళ్ళెక్కడివి?
తారు రోడ్డే మెత్తబడి
చెప్పుల్ని పట్టుకుని వదలనంటోంది.

ఇరవై ఏళ్ళుగా ఇస్త్రీ నా పని.
తడి వేలు పెట్టెకి తాకిస్తే
చుయ్‌మన్న చప్పుడులోనే తెలుస్తుంది
ఈ వేడి పట్టుచీరకా, ఖాకీ చొక్కాకా అని.
ఇవాళ అదే చేతిని తిరగేసి
రోడ్డుకి ఆనించాను.
ఒకటి, రెండు, మూడు...
ఐదు దాకా ఆగలేకపోయాను.
మరి బొగ్గు కాళ్ళకి చెప్పుల్లేవే!

బొగ్గు నా కుక్క. పేరుకు తగ్గ నలుపు.
ఎప్పుడూ బండి కిందే పడక.
నీడేగా అనుకున్నా ఇన్నాళ్ళూ,
నెత్తిన నిప్పులు పెట్టి
కింద చల్లగా ఉందనుకునే మనిషిని.

పిలిస్తే తోక కదల్లేదు.
నాలుక వేలాడుతోంది
ఎవరో ఆరేసి మరిచిపోయిన గుడ్డలా.

పెట్టె దించేశాను.
చీరల మీద చిలకరించే చెంబు
దాని పొట్ట మీద, పాదాల మీద మెల్లగా ఒంపి
మూడో నంబరు మెట్ల కిందికి మోసుకెళ్ళాను.
పుష్పమేరి బయటికొచ్చింది.
నాలుగు రోజులకోసారి లారీ తెచ్చే నీళ్ళు,
చెంబులు లెక్కేసి వాడుకునే మనిషి,
లెక్క చూడకుండా గిన్నె నింపింది.

ముందు వాసన చూసింది.
చాలాసేపటికి ఒక గుక్క. ఇంకోటి.
ఆ చప్పుడు విన్నాక గానీ
నాకు దాహం వేయలేదు.

రేపట్నించి పదింటికే నిప్పు ఆర్పేస్తాను.
బ్యాంకు సారు చొక్కాలడిగాడు సాయంత్రం.
కాలేదండీ అన్నాను.
ముడతలతోనే వెళ్ళనీ, ఒక్కరోజు.